ఇంటిపేరు ఏమిటమ్మా?

ఇంగ్లండు ఉత్తరాన ఒక విశ్వవిద్యాలయంలో నేను సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెబుతాను. చేరిన తొలి పదేళ్ళూ అక్కడ నన్ను అందరూ మా ఇంటిపేరుతోనే పిలిచారు. తప్పు వాళ్ళది కాదు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తరవాత రాసిచ్చాను. ముందున్నదే పేరనుకున్నారు. సరిదిద్దడానికి మొహమాటపడ్డాను. ఇంటికి ఫోను చేసి ఎవరైనా అలా అడిగితే, "మీ తాతగారి కోసం ఎవరో చేశారండీ" అంటూ మా ఆవిడ నవ్వేది.

అందుకే 2018లో మా విభాగం సమానత్వ కమిటీలో కూర్చోమన్నప్పుడు నేను మొదట ఎత్తింది పేర్ల సంగతే. (నిజం చెప్పాలంటే కమిటీ అంటే టీ, బిస్కెట్లు, ఎవరూ చదవని ఒక నివేదిక అనుకునే వెళ్ళాను.) తనను ఏమని పిలవాలో హాజరుపట్టీలో విద్యార్థే రాసుకునే వీలు కల్పించాం. స్నాతకోత్సవంలో పేర్లు చదివేవారికి ఆ పేరెలా పలకాలో విద్యార్థి గొంతుతోనే ముందుగా వినిపించే ఏర్పాటు చేశాం. జవాబు పత్రాల మీద పేరుకు బదులు నంబరే ఉండాలన్నాం. బడి నుంచి పిల్లల్ని తెచ్చుకోవలసిన వాళ్ళకోసం సాయంత్రం నాలుగు దాటాక సమావేశాలు పెట్టకూడదని కూడా తీర్మానించాం. ఆ తీర్మానానికి మూడు సమావేశాలు పట్టాయి. మూడూ నాలుగు దాటాకే జరిగాయి!

చిన్న విషయాలే కదా అనిపించవచ్చు. ఈ దేశపు విశ్వవిద్యాలయాలు అందరికీ తలుపులు తెరిచింది ఎప్పుడో కాదు. గర్టన్ కాలేజీ 1869లో మొదలైంది. అక్కడి అమ్మాయిలు అబ్బాయిలతో సమానంగా చదివారు, పరీక్షలు రాశారు. అయినా వాళ్ళకు పూర్తిస్థాయి పట్టా ఇవ్వడానికి కేంబ్రిడ్జి 1948 దాకా ఒప్పుకోలేదు. మన సి. ఆర్. రావుగారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన ఆ మహా గణాంక శాస్త్రవేత్త, కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ అందుకున్నదీ 1948లోనే. అంటే గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదువుకున్న మన తెలుగు కుర్రాడికి ముందే దొరికిన ప్రవేశం, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఆడపిల్లకు దొరకలేదన్నమాట. ఇది చదువుతున్న అమ్మాయిలు ఈ సంగతి మీ నాన్నగారికి చెప్పి చూడండి. నాలా చాలామందికి తెలియదు.

ఇప్పుడు ఇక్కడ 2010 నాటి సమానత్వ చట్టం ఉంది. వయస్సు, వైకల్యం, జాతి, మతం, స్త్రీ పురుష భేదం మొదలైన తొమ్మిది అంశాల విషయంలో వివక్ష చూపకూడదని అది చెబుతుంది. ఆ తొమ్మిదీ నాకు నోటికి వచ్చు. కొత్త విద్యార్థుల ముందు ఏటా గడగడా చెప్పేవాణ్ణి.

2021లో చదువయ్యాక ఉద్యోగం చేసుకునే గ్రాడ్యుయేట్ వీసా వచ్చాక మా విభాగంలో తెలుగు గొంతులు పెరిగాయి. 2022 సెప్టెంబరులో, స్వాగతం చెప్పే బల్ల దగ్గర ఒక అమ్మాయి "నమస్తే సార్" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏ ఊరమ్మా? ఇంటిపేరు ఏమిటి?" అని అడిగాను. "గుంటూరు దగ్గర సార్" అంది. రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేదు. వరసలో జనం ఉన్నారు, నేనూ పట్టించుకోలేదు.

అక్టోబరు చివర్లో ఆ అమ్మాయి నా గదికి వచ్చింది. హాస్టలు ఖర్చు భరించలేక ఆరుగురు తెలుగు పిల్లలు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారట. మొదటి రాత్రే ఒకమ్మాయి ఇంటిపేరు అడిగింది. తరవాత ఊరు. ఆ తరవాత, "ఊళ్ళోనా, కాలనీలోనా?" అని. మన పల్లెలు తెలిసినవాళ్ళకు ఆ ప్రశ్నకు అర్థం చెప్పనక్కరలేదు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కానీ వారం తిరిగేసరికి వంటింట్లో ఈ అమ్మాయి గిన్నెలు వేరే అరలోకి వెళ్ళాయి. అందరికీ కలిపి వండే కూర ఆగిపోయింది. పుట్టినరోజు కేకు కోసినప్పుడు ఈమెను పిలవలేదు.

"ఫిర్యాదు ఫారం తీశాను సార్. తొమ్మిది గళ్ళున్నాయి. నాది ఏ గడి?" అని అడిగింది.

తొమ్మిదీ నోటికి వచ్చినవాడికి నోట మాట రాలేదు.

కాసేపటికి, "నేనూ నిన్ను అదే అడిగాను కదమ్మా" అన్నాను. "మీరు వేరే ఉద్దేశంతో అడిగారు సార్" అంది. ఆ మాట నన్ను ఊరడించలేదు. నా ఉద్దేశమేమిటి? ఎక్కడైనా చుట్టరికం తగులుతుందేమోనని. తగిలితే ఎవరికి తగులుతుంది, ఎవరికి తగలదు? జవాబు నాకు తెలుసు.

చట్టం సంగతి ఆ రాత్రి కూర్చుని చదివాను. జాతి వివక్షలో భాగంగా కులాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు నిర్దేశించింది. కోర్టు తీర్పులు చాలునంటూ 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అయితే కులం కొన్ని సందర్భాల్లో జాతిమూలం కిందికి రావచ్చని 2014లోనే అప్పీలు ట్రైబ్యునల్ చెప్పింది. అంటే "జాతి" గడిలో టిక్కు పెట్టవచ్చు.

కులమంటే ఏమిటో ఎరగని మన పిల్లల మీద చట్టమే ఆ ముద్ర వేస్తుందని ఇక్కడి భారతీయుల్లో చాలామంది భయపడ్డారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆ వంటింట్లో ఉన్నదీ మన పిల్లలే. వాళ్ళకు ఆ ప్రశ్న ఎవరు నేర్పారు?

కమిటీలో ఈ సంగతి చెప్పడం నా ఉద్యోగంలోకెల్లా కష్టమైన పని. తెల్లవాళ్ళ ముందు మన ఇంటి గుట్టు విప్పుతున్నానన్న బాధ. "చూస్తే తెలిసిపోతుందా?" అని ఒకావిడ అమాయకంగా అడిగింది. తెలియదు గనకనే అడుగుతారు అన్నాను. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి అంబేడ్కర్ 1923లో డాక్టరేట్ తీసుకున్నారని చెప్పాను. దాదాపు నూరేళ్ళు గడిచాయి, అదే దేశంలో ఒక విద్యార్థిని గిన్నెలు వేరే అరలో ఉన్నాయి.

మా విభాగం మార్గదర్శకాల్లో కులం అనే మాట చేరింది. స్వాగత ప్రసంగంలో ఇప్పుడు నేను తెలుగులో కూడా రెండు ముక్కలు చెబుతాను. ఆ అమ్మాయికి మా విద్యార్థి సహాయ కేంద్రం వేరే గది చూపించింది. ఫిర్యాదు మాత్రం తాను వేయనంది. అదే ఇంట్లోవాళ్ళతో రోజూ ఒకే ల్యాబులో కూర్చోవాలి కదా! వెయ్యమని నేను బలవంతపెట్టలేదు. అది సరైనదో కాదో నాకిప్పటికీ తేలలేదు.

బల్ల దగ్గర నేను ఇప్పుడు అడిగేది ఒక్కటే: "ఏం చదవడానికి వచ్చావమ్మా?" మన సంక్రాంతి, ఉగాది సంబరాల్లో మాత్రం ఇంకా నోరు జారుతూనే ఉంటుంది. మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది.

ఆ అమ్మాయి ఎమ్మెస్సీ పట్టా 2024 జనవరిలో అందుకుంది. ముందురోజు పేర్లు చదివే ఆయన రికార్డు వినిపించి, ఇది చాలా పొడుగ్గా ఉంది, మొదటి మాట వదిలేయవచ్చా అని నన్ను అడిగాడు. మొదటిది ఇంటిపేరు. నేనప్పటికి దాన్ని ఎన్నడూ వినలేదు. ఆ అమ్మాయికి ఫోను చేశాను.

"వద్దు సార్, మొత్తం చదవమనండి" అంది. "మా అమ్మ వీడియోలో చూస్తుంటుంది."