ఎన్‌క్రిప్ట్ చేసిన హార్డ్‌డిస్క్ చెడినప్పుడు: పరిశోధన సమాచార పునరుద్ధరణ, దాని పరిమితులు

దక్షిణ తెలంగాణలోని ఎర్ర చల్క నేలల్లో వర్షాధారంగా సాగే కంది, ఆముదం ప్రయోగాల ఫలితాలు ఆయా సంవత్సరాల వర్షపాతంతో ముడిపడి ఉంటాయి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని పాలెం (నేటి నాగర్‌కర్నూల్ జిల్లా) ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో గాని, నల్లగొండ జిల్లా కంపాసాగర్ వ్యవసాయ పరిశోధన స్థానంలో గాని ఒక వానాకాలంలో నమోదైన కొలతలను మరుసటి ఏడాది మళ్లీ సేకరించడం అసాధ్యం.

క్షేత్ర ప్రదర్శనల రికార్డులలో రైతుల ఫోన్ నంబర్లు, భూముల సర్వే నంబర్లు ఉంటాయి కనుక వాటిని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచడం అవసరం. అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం సమాచారం బయటకు పొక్కడాన్నే గాక, ప్రమాదవశాత్తు అది అందకుండా పోవడాన్ని కూడా ఉల్లంఘనగా పరిగణిస్తుంది. తాళం వేసినవారే తాళంచెవిని కూడా కాపాడవలసి ఉంటుంది.

ఎన్‌క్రిప్షన్ నిర్మాణం

డిస్కులోని సమాచారాన్ని సంకేతరూపంలోకి మార్చేది ప్రధాన తాళంచెవి. అది హెడర్ అనే చిన్న భాగంలో, పాస్‌వర్డ్‌తో బంధించబడి ఉంటుంది. పాస్‌వర్డ్ తెరిచేది ఈ తాళంచెవిని మాత్రమే. వెరాక్రిప్ట్‌లో హెడర్ పరిమాణం 512 బైట్లు. ఆ కొద్ది భాగం, దాని ప్రతులు నశిస్తే పాస్‌వర్డ్ గుర్తున్నా మొత్తం డిస్కు నిరుపయోగమవుతుంది. 256 బిట్ల తాళంచెవికి సాధ్యమైన రూపాల సంఖ్య 78 అంకెలది. ఊహించి కనుగొనడం జరిగే పని కాదు.

లోపం ఏ స్థాయిలో ఉన్నది?

1. యాంత్రిక లోపం: డిస్కు నుండి టకటక శబ్దం రావడం, చదవడం మందగించడం.
2. ఫైల్ వ్యవస్థ లోపం: పాస్‌వర్డ్‌తో డిస్కు తెరుచుకుంటుంది గాని ఫోల్డర్లు కనబడవు. ఈ లోపాన్ని సరిచేసే అవకాశం ఎక్కువ.
3. హెడర్ లోపం: సరైన పాస్‌వర్డ్‌ను కూడా డిస్కు అంగీకరించదు.

మదర్‌బోర్డు మార్చిన తరువాత బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగడం లోపం కాదు. అది భద్రతా ఏర్పాటు. అదేవిధంగా వెరాక్రిప్ట్ డిస్కును గుర్తించలేక విండోస్ ఫార్మాట్ చేయమని సూచించవచ్చు. దానిని అంగీకరిస్తే మంచి డిస్కు కూడా పాడవుతుంది.

పాటించవలసిన క్రమం

మొదట ఆ డిస్కుపై రాయడం పూర్తిగా నిలిపివేయాలి. ఫార్మాట్, చెక్‌డిస్క్ వంటివి చేయరాదు. డిడిరెస్క్యూ వంటి సాధనంతో డిస్కు మొత్తాన్ని, అంతే లేదా అంతకన్నా పెద్దదైన మరొక డిస్కులోకి నకలు తీసి, ప్రయత్నాలన్నీ ఆ నకలుపైనే చేయాలి. శబ్దం చేసే డిస్కును మాత్రం వెంటనే ఆపి నిపుణులకు అప్పగించాలి.

బిట్‌లాకర్‌కు విండోస్‌లోని రిపేర్-బిడిఇ సాధనం ఉపయోగపడుతుంది. దీనికి రికవరీ కీ లేదా పాస్‌వర్డ్, వేరొక ఖాళీ డిస్కు అవసరం. ఆ రెండవ డిస్కులోని సమాచారం చెరిగిపోతుంది. వెరాక్రిప్ట్ డిస్కు చివరి భాగంలో హెడర్ ప్రతి ఉంటుంది కనుక దానినుండి పునరుద్ధరించవచ్చు. లైనక్స్‌లోని లక్స్ పద్ధతిలో తాళంచెవి భాగం దెబ్బతింటే ముందుగా దాచిన హెడర్ ప్రతి ఒక్కటే శరణ్యం.

మరమ్మతుకు లొంగని స్థితి

హెడర్, దాని ప్రతులు నశించినప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ గాని, ఏ ప్రయోగశాల గాని సమాచారాన్ని తిరిగి ఇవ్వజాలదు. ప్రయోగశాల డిస్కును చదవగలదు గాని, చదివినదానికి అర్థం చెప్పలేదు. తుడిచివేసిన ఫైళ్లను వెతికే సాధారణ సాఫ్ట్‌వేర్ కూడా అక్షరాల గందరగోళాన్నే చూస్తుంది. అక్కడితో ఖర్చు ఆపి, క్షేత్ర పుస్తకాలు, మడివారీ దిగుబడి రిజిస్టర్లు, వార్షిక నివేదికలు, సహశాస్త్రవేత్తలకు పంపిన ఈమెయిళ్ల నుండి పట్టికలను తిరిగి నిర్మించాలి. దొరకని విలువలను లభించనివిగానే చూపాలి. అంచనాతో నింపి కొలతలుగా ప్రకటిస్తే ఆ ప్రయోగంపై ఆధారపడిన సిఫారసు రైతు పొలంలో తప్పుతుంది.

ముందు జాగ్రత్తలు

• రికవరీ కీని ముద్రించి కార్యాలయపు బీరువాలో ఉంచాలి. వ్యక్తిగత ఖాతాలో మాత్రమే ఉన్న కీ, శాస్త్రవేత్త బదిలీతో కార్యాలయానికి దూరమవుతుంది.
• హెడర్ ప్రతిని వేరొక డిస్కులో దాచాలి. పాస్‌వర్డ్ మార్చినప్పుడు కొత్త ప్రతి తీయాలి.
• మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి వేరొక చోట అన్న నియమం పాటించాలి. స్థానంలోని సమాచారానికి ఒక ప్రతి రాజేంద్రనగర్‌లో ఉండవచ్చు.
• ప్రతి పంటకాలం చివర ప్రతులను మరొక కంప్యూటర్‌పై తెరిచి పరీక్షించాలి. తెరిచి చూడని ప్రతి ఉన్నదని నమ్మడానికి వీలులేదు.