ఇద్దరమే గండికోటకు

మా కాలేజీలో నేనంటే కిట్టనివాళ్ళు కూడా ఒప్పుకునే సంగతి ఒకటున్నది. శృంగార రసం పాఠం నేను చెబుతుంటే వెనక బెంచీల వాళ్ళు సైతం నిద్రపోరు. విభావాలు, అనుభావాలు, విరహంలోని దశలు ఇరవై యేళ్ళుగా వేళ్ళ మీద లెక్కబెట్టి మరీ చెబుతున్నాను. ఇంతటి ప్రవీణుణ్ణి గదా, కట్టుకున్న భార్యతో ఇద్దరమే కలిసి కర్నూలు పొలిమేర దాటి ఎక్కడికైనా పోయామా అంటే, లేదు. తిరుపతికి పోతే పదకొండు మందిమి. శ్రీశైలానికి పోతే రెండు జీపులు. మంత్రాలయానికి పోతే మా అమ్మ, మా పిన్నమ్మ, పిన్నమ్మగారి తోడికోడలు, ఒళ్ళో పులిహోర డబ్బా.

ఇది నా ఒక్కడి కథ కాదు లెండి. మా వైపు మొగుడూ పెళ్ళాం ఇద్దరే సంచీ పట్టుకుని బయలుదేరారంటే ఆసుపత్రికైనా అయి ఉండాలి, కోర్టుకైనా అయి ఉండాలి.

కిందటి కార్తీకంలో ఈ ఆచారానికి భంగం కలిగింది. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు, పెళ్ళయిన మూడో నెలలో భార్యను వెంటబెట్టుకుని ప్యారిస్, వెనిస్ తిరిగి ఫోటోలు పంపాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూశాము. ప్యారిస్‌లో సీన్ నది మీది వంతెన ఒకదాని కథ కూడా రాశాడు. అక్కడ ప్రేమికులు కటకటాలకు తాళం వేసి, దాని మీద తమ పేర్లు రాసి, తాళంచెవి నదిలో పారవేసేవారట. ఆ బరువుకు 2014లో కటకటాల్లో ఒక భాగం కూలింది. 2015లో నగరపాలకులు తాళాలన్నీ తీయించివేస్తే దాదాపు నలభై అయిదు టన్నులు తూగాయి. మా అమ్మ ఈ కథంతా విని, "బీగాలు యేసి బీగంచెవులు యేట్లో పారేసినారా? వాళ్ళకేం పిచ్చి పట్టిందిరా?" అన్నది. వెనిస్‌లో గొండోలా అనే పడవకు 2023 నవంబరు నుంచి అరగంటకు తొంభై యూరోలని చెప్పగా, ఆ దుడ్లతో ఇంటికి సున్నం కొట్టించుకోవచ్చునని తీర్పు చెప్పి లోపలికి పోయింది.

మా ఆవిడ మాత్రం ఫోను అద్దాన్ని కొంగుతో తుడిచి నా చేతికిస్తూ, "మనం యాడికీ పోలేదు గదండి" అన్నది.

అందులో నిష్ఠూరమేమీ లేదు. పాలవాడు రాలేదు అన్నట్లుగానే అన్నది. అదే నన్ను కలవరపెట్టింది. ఆగస్టులో మా అమ్మాయి ఇంజనీరింగు చదువుకు మద్రాసు పోయింది. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య సంభాషణ గ్యాసు, కరెంటు బిల్లు, మజ్జిగ పోయనా, వీటితో సరి. నేను లెక్కబెట్టిన విరహ దశల్లో ఒకే ఇంట్లో ఉంటూ కలిగే విరహానికి పేరు లేదు.

అమ్మను నెల రోజులు ఆదోనిలో మా తమ్ముడింటికి పంపి, ఒక శనివారం తెల్లవారుజామున మా పాత కారు తీశాము. పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి, "ఇద్దరేనా? ఏం మొక్కుబడి?" అని అడిగింది. మా ఆవిడ తడుముకోకుండా, "పాత మొక్కు" అన్నది.

మొదటి మజిలీ ఓర్వకల్లు రాతివనాలు. కర్నూలు నుంచి నంద్యాల రోడ్డున అరగంట ప్రయాణం. 'బాహుబలి' సినిమా షూటింగు 2013 జులైలో మొదలైంది ఈ రాళ్ళ మధ్యనే. రాళ్ళ నడుమ నీరు నిలిచి ఉంటుంది. అక్కడ కాళ్ళతో తొక్కే పడవలున్నాయి. గొండోలా కాదు గాని, ఇద్దరు కూర్చోవచ్చు. నేను బలంగా తొక్కాను. ఆమె నిదానంగా తొక్కింది. పడవ ఉన్నచోటనే గుండ్రంగా తిరిగింది. గట్టు మీద పిల్లలు చప్పట్లు కొట్టారు. "కొంచెం మెల్లగా తొక్కితే మీ సొమ్మేం పోతుంది?" అన్నది. మెల్లగా తొక్కితే పడవ ముందుకు పోయింది.

అక్కడి నుంచి బనగానపల్లె. మామిడికి పేరిచ్చిన ఊరే గాని కార్తీకంలో చెట్లకు ఆకులే. వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, యాగంటి దారి పట్టాము. దారిలో నవాబుగారి పాడుపడ్డ బంగళా కనిపిస్తుంది. 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమా తరువాత దాన్ని జనం అరుంధతి బంగళా అంటున్నారు. యాగంటిలో ఉమామహేశ్వరులు ఒకే శిలలో ఉన్నారు. మా ఆవిడ చాలాసేపు చూసి, "వీళ్ళకు సీటు రిజర్వేషను బాధ లేదు" అన్నది. ఆమెకు ఇంత హాస్యం ఉందని నాకు తెలియదు. లేక, తెలిసి మరిచానో.

కోనేటి మెట్ల మీద కూర్చున్నప్పుడు నాకొక సంగతి తట్టింది. మా సీమలో సరస శృంగారాలు లేవనుకోవడం పొరబాటు. ఉన్నాయి, అయితే దేవుళ్ళకు అప్పగించి ఊరుకున్నాము. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు గనుక చెంచులకు ఆయన అల్లుడు. యేటా సంక్రాంతి తరువాత పారువేట పేరుతో ఊరూరా తిరిగి, తన కళ్యాణానికి రమ్మని తానే స్వయంగా పిలిచి వస్తాడు. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లిములు వచ్చి వేంకటేశ్వరుణ్ణి దర్శించుకుంటారు; బీబీ నాంచారమ్మ మగడు గనుక తమ ఇంటి అల్లుడని వారి భావన. ఒంటిమిట్టలో సీతారాముల కళ్యాణం పగలు కాదు, పండువెన్నెల్లో జరుగుతుంది. ఇంకా చెప్పాలంటే, వెనిస్ పడవ షికారుకు మన తెప్పోత్సవం ఏం తీసిపోయింది? ఊంజల సేవ, పవళింపు సేవ, ఏకాంత సేవ, ఇవన్నీ ఎవరికి? ఆ దంపతుల పల్లకీ మోయడానికి మనం పదకొండు మంది కలిసి పోతాము. మోసి మోసి ఇంటికొచ్చి, "మజ్జిగ పోయనా?" అంటాము.

ఈ సిద్ధాంతమంతా దారిలో మా ఆవిడకు వివరించాను. "క్లాసు అయిపోయిందా?" అన్నది.

మధ్యాహ్నానికి కొలిమిగుండ్ల దగ్గరి బేలుం గుహలు చేరాము. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటి ప్రస్తావన చేశాడు. వంద సంవత్సరాల తరువాత, 1982, 83లలో గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి కొలిచి వెళ్ళాడు. మా మేనల్లుడు జర్మనీ నుంచి వెనిస్ చూడబోతే, జర్మనీ వాళ్ళు బేలుం చూడవచ్చారన్నమాట! 2002 ఫిబ్రవరిలో ప్రజలకు తెరిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో కిలోమీటరున్నర దాకా మనల్ని పోనిస్తారు. సున్నపురాతిని నీరు లక్షల యేళ్ళు కరిగించి చేసిన దారులివి. లోపల చల్లగా ఉంటుందనుకుంటే మోసపోతారు. పైనుంచి గొట్టాల ద్వారా గాలి పంపుతున్నా చెమట ధారగా కారుతుంది. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు పైనే ఉండటం మేలు. ఇరుకు సందుల్లో నాకు ఊపిరాడనట్లయితే, ముందు నడుస్తున్న మా ఆవిడ వెనక్కి చెయ్యి చాచింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో నలుగురి యెదుట చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. చీకటి గనుక సరిపోయింది.

సప్తస్వరాల గుహ అని ఒకటున్నది. అక్కడి రాతిధారలను కర్రతో తడితే కంచు మోగినట్లు మోగుతాయి. గైడు కుర్రాడు రెండు మూడు తట్టి చూపి ముందుకు పోబోతుంటే, మా ఆవిడ ఆగింది.

"ఇంకొకసారి కొట్టు నాయనా."

కొట్టాడు. "ఇది షడ్జమం అనుకుంటే అది పంచమం. మధ్యలోది గాంధారానికి రవ్వంత తక్కువ" అన్నది.

"నీకెట్లా తెలుసు?" అన్నాను. అడిగిన మరుక్షణమే నాలుక కరుచుకున్నాను.

"ఏడేండ్లు నేర్చుకుంటి గదా. పెళ్ళిచూపుల్లో పాడలేదా నేను?"

పాడింది. ప్రొద్దుటూరులో వాళ్ళింటి నడవలో, చేతిలో బూందీ పళ్ళెంతో కూర్చుని విన్నాను. ఆ తరువాత మా ఇంట్లో నేను విన్నది కుక్కరు ఈల ఒక్కటే. ఎందుకు మానేసిందో అడగాలని ఒక్కనాడూ తోచలేదు.

జమ్మలమడుగు మీదుగా గండికోట చేరేసరికి పొద్దు వాలుతున్నది. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారేచోట, ఎర్రబండల అంచున కట్టారు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు గోలకొండ సేనాని మీర్ జుమ్లాను కలుసుకోవడానికి ఇక్కడిదాకా వచ్చాడు. లోపల మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం తీరికగా చూడదగ్గవి. పుట్టిల్లు ఇంత దగ్గరైనా మా ఆవిడ గండికోట చూడలేదు. బడిలో ఉండగా తీసుకుపోతామన్నారట, ఆ రోజు వాన వచ్చిందట.

లోయ అంచున బండల మీద కూర్చున్నాము. అక్కడ పిట్టగోడ ఉండదు. ఫోటోల మోజులో అంచుకు పోవద్దని, చీకటి పడకముందే లేవాలని పోదలచినవారికి మనవి.

"పాట ఎందుకు మానేసినావు? మా అమ్మ వద్దన్నదా?" అని అడిగాను.

"ఎవరూ వద్దనలేదు. పెండ్లయిన వారానికి పెరట్లో పాడుకుంటాంటే, ఒత్తు సరిగా పలకలేదన్నారు మీరు. సరేలే, బాగా వచ్చినాక పాడుదామనుకుంటి. అంతే."

నాకు గుర్తులేదు. అన్నానంటే నమ్మగలను, ఆ రోజుల్లో ఎం.ఏ. పట్టా తడి ఆరని లెక్చరరును. పాలవాడి తెలుగును కూడా దిద్దేవాణ్ణి. ఏదో అనబోయాను గాని మాట రాలేదు. కింద పెన్న నీళ్ళు నల్లబడే దాకా అలాగే కూర్చున్నాము.

పర్యాటక శాఖవారి హరిత హోటల్లో బస. కౌంటరు దగ్గరి అబ్బాయి మా వెనక్కి తొంగిచూసి, "ఇద్దరేనా సార్?" అన్నాడు. రాత్రి భోజనానికి రాగి సంగటి దొరికింది. చలికాలం తప్ప ఇటు రావద్దని కూడా చెప్పాలి. మార్చి దాటితే ఈ బండలు పెనాలే.

మర్నాడు సూర్యోదయానికి మళ్ళీ లోయ దగ్గరకు పోయాము. బెంగుళూరు పిల్లలు నలుగురైదుగురు దూరాన కెమెరాలు సర్దుకుంటున్నారు. ఎదుటి బండల మీద ఎరుపు ఒక్కొక్క వరుసే దిగుతున్నది. మా ఆవిడ శాలువా తల మీదికి లాక్కుని, ముందు కూనిరాగంలా, తరువాత కొంచెం పైకి మోహనంలో పాడింది. గొంతు రెండుచోట్ల జీరపోయింది. ఒత్తు పలికిందో లేదో నేను గమనించలేదు. (గమనించాను. పలకలేదు. పలకకపోతేనేం!) పాట అయిపోయాక నా వైపు చూసింది. "ఇంకొకటి" అన్నాను.

తిరుగు దారిలో మా అమ్మ ఆదోని నుంచి ఫోను చేసింది. పక్కింటావిడ చెప్పినట్లున్నది. "ఏం మొక్కే అది, నాకు తెలీకుండా? తీరిందా?"

"ఇంకా సగముంది అత్తా" అన్నది మా ఆవిడ.