పిన్‌బాల్ యంత్రాల సర్క్యూట్ బోర్డులు: లోప నిర్ధారణ క్రమం

ఉపోద్ఘాతం:

వాలుగా అమర్చిన బల్లపై ఉక్కు గోళీని మీటలతో కొడుతూ ఆడే ఆట పిన్‌బాల్. 1970ల మధ్యకాలం వరకు ఈ యంత్రాలు ప్రధానంగా రిలేలు, స్విచ్‌లు, మోటార్ల మీదనే నడిచేవి. ఆ దశాబ్ది చివరికి అమెరికా తయారీదారులు మైక్రోప్రాసెసర్‌ను స్వీకరించారు. బాలీ సంస్థ 1977లో విడుదల చేసిన ‘ఎయిట్ బాల్’ ఇరవై వేలకు పైగా అమ్ముడుపోయింది. ఆ తరం యంత్రాల మరమ్మతులో ప్రధాన సమస్య ఒకటుంది: లోపం కనిపించే చోటు, లోపం పుట్టిన చోటు తరచుగా వేరువేరు. అందువల్ల పరీక్షకు ఒక క్రమం అవసరమవుతుంది. ఆ క్రమాన్ని బాలీ తొలితరం బోర్డుల ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

1. విద్యుత్ సరఫరా:

ప్రాసెసర్ బోర్డుకు కావలసిన 5 వోల్టులు ఆ బోర్డు మీద తయారుకావు. వాటిని అందించే రెగ్యులేటర్ కాయిళ్లను నడిపే డ్రైవర్ బోర్డు మీద ఉంటుంది. అక్కడి ఫిల్టర్ కెపాసిటర్ పాతబడినా, కనెక్టర్ పిన్నుల వద్ద టంకం చిట్లినా ప్రాసెసర్ ఆగిపోతుంది. కాబట్టి చిప్పులను అనుమానించే ముందు వోల్టేజీని కొలవాలి. అంకెల ప్రదర్శనకు 170 వోల్టులకు పైగా సరఫరా ఉంటుంది. అందువల్ల బోర్డులను తాకే ముందు ప్లగ్గు తీసివేయడం తప్పనిసరి.

2. బ్యాటరీ:

అత్యధిక స్కోర్లను గుర్తుంచుకోవడానికి ప్రాసెసర్ బోర్డు మీదనే 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీని టంకంతో అతికించారు. జ్ఞాపకాన్ని కాపాడవలసిన ఈ భాగమే కాలక్రమంలో బోర్డుకు ప్రధాన శత్రువైంది. దాని నుండి కారిన క్షారం రాగి దారులను తినివేస్తుంది. సమీపంలోని రీసెట్ సర్క్యూట్‌ను దెబ్బతీస్తుంది. బ్యాటరీని తొలగించి, ఆ భాగాన్ని నీరు కలిపిన వినెగర్‌తో శుద్ధిచేసి, మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. తెగిన దారులను ఆ తరువాతే అతకాలి. కొత్త బ్యాటరీని బోర్డుకు దూరంగా అమర్చడం శ్రేయస్కరం. మామూలు సెల్‌లను వాడితే, బోర్డు వాటిని ఛార్జి చేయకుండా ఒక డయోడ్ చేర్చాలి.

3. స్వీయ పరీక్ష:

ప్రాసెసర్ బోర్డు మీద ఒక చిన్న ఎల్.ఇ.డి. ఉంటుంది. యంత్రాన్ని ఆన్ చేయగానే అది క్షణకాలం మినుకుమని, తరువాత ఏడుసార్లు వెలగాలి. ప్రోగ్రామ్ మెమరీ, తాత్కాలిక మెమరీ, బ్యాటరీ ఆధారిత మెమరీ, రెండు ఇంటర్‌ఫేస్ చిప్పులు, ప్రదర్శన టైమర్ వరుసగా సరిగా ఉన్నాయని మొదటి ఆరు వెలుగులు తెలుపుతాయి. అసలు మినుకుమనకుండా నిలకడగా వెలుగుతూ ఉంటే రీసెట్ సర్క్యూట్‌ను ముందుగా పరిశీలించాలి.

ఏడవ వెలుగు విశిష్టమైనది. కాయిళ్లకు వెళ్లే 43 వోల్టుల సరఫరా అందితేనే అది వస్తుంది. అది రాకపోతే ప్రాసెసర్ బోర్డు చెడిందని నిర్ణయించడం తొందరపాటు. రెక్టిఫైయర్ బోర్డు మీద ఫ్యూజు పోయి ఉండవచ్చు; ఆ ఫ్యూజు పోవడానికి కారణం ఏదో ఒక కాయిల్ కావచ్చు.

4. కాయిల్, డయోడ్, ట్రాన్సిస్టర్:

కాయిల్‌కు కరెంటు ఆగిన క్షణంలో వెనక్కి పుట్టే అధిక వోల్టేజీని దానికి అడ్డంగా ఉన్న డయోడ్ అణచివేస్తుంది. డయోడ్ తెగితే ఆ దెబ్బ డ్రైవర్ ట్రాన్సిస్టర్‌కు తగిలి అది షార్ట్ అవుతుంది. అప్పుడు క్షణకాలం మాత్రమే పనిచేయవలసిన కాయిల్ నిరంతరం లాగుతూ కాలిపోతుంది. కాలిన కాయిల్ నిరోధం పడిపోవడంతో కొత్తగా వేసిన ట్రాన్సిస్టర్ కూడా పాడవుతుంది. అందువల్ల ఈ మూడింటిలో ఒకదానిని మార్చేటప్పుడు మిగిలిన రెండింటిని మల్టీమీటర్‌తో పరీక్షించాలి. ఫ్యూజు నిలవడం లేదని ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేయడం రక్షణను తొలగించడమే అవుతుంది.

ముగింపు:

చెడిన భాగాన్ని మార్చడం మరమ్మతులో సగం మాత్రమే. అది ఎందుకు చెడిందో తేల్చడం మిగిలిన సగం. సరఫరా, బ్యాటరీ, స్వీయ పరీక్ష, కాయిళ్లు అనే వరుసను పాటిస్తే అనవసరంగా చిప్పులు ఊడదీసే పని తప్పుతుంది. వేడికి రాగి దారులు లేచిపోయే ఆ పాత బోర్డులకు అదే అన్నిటికన్నా పెద్ద రక్షణ.