మళ్లీ అదే వేదికపై

1969 నవంబరు 17వ తేదీ. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని కాన్సెర్ట్‌గెబౌ సంగీతశాలలో కచేరీ ఆరంభమైనదో లేదో, కొందరు యువకులు గిలకలు మ్రోగించి రసాభాస చేసినారు. ఆ శాలలోని ప్రసిద్ధ వాద్యబృందం నూతన సంగీతాన్ని ఉపేక్షిస్తున్నదని వారి అభియోగం. వారు 'నోటెన్‌క్రాకర్స్'గా పేరుపొందినారు, పగులగొట్టువారని అర్థం. డచ్చి భాషలో 'నోటెన్' అంటే అక్రోటు వంటి కాయలూ, సంగీతస్వరాలూ కూడ. శ్లేష మన ప్రబంధకవుల సొంతమే కాదు! వారిలో ఒకడు స్వరకర్త లూయీ ఆండ్రీసెన్.

1939లో ఉట్రెక్ట్‌లో జన్మించిన ఆయనది సంగీతకుటుంబం. తండ్రి హెండ్రిక్, అన్న యూరియాన్ స్వరకర్తలే. ది హేగ్ సంగీతకళాశాలలోను, పిదప ఇటలీ స్వరకర్త లూచియానో బేరియో వద్దను ఆయన అభ్యసించినాడు.

గలభా చేయడం సులభం. దాని పిమ్మట ఏమి చేసినాడన్నదే ప్రశ్న. 1972లో సుషిరవాద్యాలు ప్రధానంగా 'డె ఫొల్‌హార్డింగ్', అనగా 'పట్టుదల', అను బృందాన్ని నెలకొల్పినాడు. 1976లో పూర్తియైన 'డె స్టాట్' అను కృతి ఆయన కీర్తిని దేశాంతరాలకు చేర్చింది. ఆ పేరుకు 'రాజ్యం' అని అర్థం. బాకాలు, విద్యుత్ గిటార్లు, పియానోలు సుత్తిదెబ్బలవలె మ్రోగుతూండగా నలుగురు స్త్రీలు ప్లేటో వాక్యాలను గ్రీకుభాషలోనే పాడుతారు. కొన్ని స్వరక్రమాలను నిషేధించవలెనని, సంగీతరీతులు మారితే రాజ్యశాసనాలు కూడ మారునని ప్లేటో మతం. మొదటి మాట ఆండ్రీసెన్‌కు హాస్యాస్పదం. రెండవది నిజమైతే ఎంత బాగుండునని ఆయన పరితాపం.

పెద్ద సింఫనీ బృందానికి ఆయన చిరకాలం రచన చేయలేదు. 2013లో ఆ కాన్సెర్ట్‌గెబౌ బృందమే తన 125వ వార్షికోత్సవానికి ఆయనను కృతి కోరింది. 'మిస్టేరియెన్' రచించి ఇచ్చినాడు. విప్లవకారుడు లొంగిపోయినాడని కొందరు అనవచ్చును. కాని నాటి గిలకల మ్రోత కోరినది దీనినే గదా! 2021 జూలై 1న, 82 ఏండ్ల వయసున, ఆండ్రీసెన్ కీర్తిశేషుడైనాడు.