ఒకే గీత మీద రెండు ఎండలు

అట్లాసు తీసి జగిత్యాల మీద స్కేలు పెట్టి, తిన్నగా పడమటికి గీత గీయండి. కోరుట్ల ఆ గీత మీదే ఉంటుంది. సిరిసిల్ల కాస్త కిందికి. గీత బొంబాయిని ఆనుకుని, అరేబియా సముద్రం దాటి, ఒమన్ తీరమెక్కి, సౌదీలోని రబ్ అల్ ఖాలీ ఎడారిలోకి దిగుతుంది. అంతా 19 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూనే. ముందు బొంబాయి మిల్లులు, భీవండి సాంచాలు (మరమగ్గాలు), 1970ల్లో చమురు ధర పెరిగాక గల్ఫ్. మన ఊళ్ల వలస కూడా ఈ గీతలా పడమటికే పోయింది.

గీత మీద సూర్యుడు ఒక్కడే, వాన మాత్రం ఒక్కటి కాదు. జగిత్యాలలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్లు కురుస్తుంది. రబ్ అల్ ఖాలీలో చాలాచోట్ల 50 దాటదు. ఆ ఎడారి విస్తీర్ణం దాదాపు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు, తెలంగాణకు ఇంచుమించు ఆరు రెట్లు. మనకు ఉత్తరాన గోదావరి, సిరిసిల్ల పక్కన మానేరు. అరేబియా ద్వీపకల్పం మొత్తంలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు.

ఎందుకిట్లా? ఎండాకాలం ఆసియా నేల, ముఖ్యంగా టిబెట్ పీఠభూమి కాగిపోతే, భూమధ్యరేఖ కింది నుంచి గాలులు తరలివస్తాయి. సోమాలియా తీరం దగ్గర మలుపు తిరిగి, అరేబియా పక్కగా సముద్రం మీదుగా నేరుగా మన దేశానికి వస్తాయి. తేమ బరువులో చాలామటుకు సహ్యాద్రికి అటువైపే దింపుతాయి. ఉత్తర తెలంగాణ చెరువులను ఎక్కువగా నింపేవి బంగాళాఖాతం అల్పపీడనాలు.

అసలు విడ్డూరం దీని తర్వాత ఉంది. ఆవిరి మబ్బుగా, వానగా మారేటప్పుడు వదిలే వేడికి గాలి పైకి లేస్తుంది.  ఆ కదలిక ప్రభావంతో మనకు వాయవ్యాన, ఎడారుల మీద గాలి కిందికి దిగుతుంది. దిగే గాలి వేడెక్కి మబ్బును పుట్టనివ్వదు. రాడ్‌వెల్, హాస్కిన్స్ అనే శాస్త్రవేత్తలు 1996లో దీన్ని లెక్కలతో చూపారు. అంటే మన పొలాల మీది వానకూ అక్కడి ఎండకూ చుట్టరికం ఉంది. ఒమన్‌లోని సలాలా మాత్రం అదృష్టవంతురాలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన నైరుతి రుతుపవనమే మంచుతెరలా వచ్చి అక్కడి కొండలను పచ్చబరుస్తుంది.

మేలో జగిత్యాలలోనూ 45 డిగ్రీలు దాటుతుంది. కానీ అది పొడి ఎండ, చెమట ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. కువైట్ ఎండా పొడిదే. 2016 జూలై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. దోహా, దుబాయ్, దమ్మామ్ వైపు ఉక్కే ప్రమాదం. గల్ఫ్ లోతు తక్కువ సముద్రం. సగటున 50 మీటర్లు కూడా ఉండదు. అందుకే తొందరగా కాగి ఆవిరి వదులుతుంది. దమ్మామ్ పక్కనున్న ధహ్రాన్‌లో 2003 జూలైలో మంచుబిందు ఉష్ణోగ్రతే, అంటే గాలిలోని ఆవిరి నీటిబొట్టుగా మారే ఉష్ణోగ్రతే, 35 డిగ్రీలకు చేరింది. అలాంటి గాలిలో చెమట కారుతుంది తప్ప ఆరదు. నీడలో నిలబడినా ఒంటి వేడి బయటికి పోదు. థర్మామీటర్‌లో అంకె చూసి 'మా ఊళ్లో ఇంతకన్నా ఎక్కువే' అనుకునే మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఆ దేశాల్లో చట్టాలు లేకపోలేదు. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని నిషేధం. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా 10 నుంచి 3.30 వరకు. ఎమిరేట్స్‌లో మాత్రం 12.30 నుంచి 3 గంటల వరకే, అది చాలదు. పైగా తీరంలో ఉక్క సూర్యుడితోపాటు దిగిపోదు, రాత్రి షిఫ్టులోనూ ఉంటుంది.

వీసా మాట్లాడుకునేటప్పుడు జీతం, ఓటీ, తిండి గురించి అడుగుతాం. పని ఎండలోనా నీడలోనా, క్యాంపు గదిలో ఏసీ ఉందా అన్నవీ అడగండి. కొత్త వేడికి ఒళ్లు అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు కావాలి. ఆ రోజుల్లో పని తగ్గించమని ముందే మాట్లాడుకోండి. వీలైతే విమానం జూన్‌లో ఎక్కకండి, అక్టోబర్‌కు పెట్టుకోండి.