“బాగానే ఉంటుంది”లోని ఆ “నే”

నీట్ పీజీ వెబ్ ఆప్షన్లు తెరుచుకున్న వారంలో సీనియర్ల ఫోన్లకు తీరిక ఉండదు. “అక్కా, మీ కాలేజీలో జనరల్ మెడిసిన్ ఎలా ఉంటుంది?” అవతల ఒక్క క్షణం మౌనం. ఆ తర్వాత జవాబు: “బాగానే ఉంటుంది రా.” ఆమె “బాగుంటుంది” అనలేదు. మధ్యలో దూరిన ఆ “నే”లోనే చెప్పకుండా దాచుకున్నదంతా ఉంది. అడిగిన కుర్రాడు అది వినిపించుకోడు, ఆ కాలేజీని జాబితాలో నాలుగు మెట్లు పైకి జరుపుతాడు.

ఆమెను తప్పుపట్టలేం. థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన గైడు, ఆఖరి ప్రాక్టికల్స్‌లో ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా కూర్చునే ప్రొఫెసరు, అందరూ ఆ డిపార్ట్‌మెంట్ వాళ్లే. ఫోన్లో అన్న మాట తిరిగి తిరిగి ఎవరి చెవిన పడుతుందోనన్న భయం ఉంటుంది. ఫస్టియర్ వాళ్లకైతే ఇంకో ఇబ్బంది: కొత్త బ్యాచ్ వస్తే తప్ప తమ డ్యూటీలు తగ్గవు. అందుకే, నన్నడిగితే, ముందు ఫోన్ చేయాల్సింది ఏడాది రెండేళ్ల క్రితం పరీక్ష పాసై బయటికొచ్చినవాళ్లకి. పదేళ్ల నాటి సీనియర్ చెప్పే కాలేజీ ఇప్పుడు అక్కడ ఉండదు. హెచ్ఓడీ మారితే చాలు, డిపార్ట్‌మెంట్ తీరే మారిపోతుంది. సీటు వదిలేసి వెళ్లినవాళ్లు దొరికితే వాళ్లనూ అడగాలి. వాళ్ల మాటల్లోంచి కోపాన్ని కాస్త వడకట్టుకుని వినాలి, అంతే.

ఆలిండియా కోటా సీట్లకు మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ), రాష్ట్ర కోటాకు విజయవాడలోని ఎన్టీఆర్ వర్సిటీ, వరంగల్‌లోని కాళోజీ వర్సిటీ కౌన్సెలింగ్ జరుపుతాయి. సీట్లెన్ని, ఫీజెంత, బాండెంత అన్నవి అక్కడే తెలుస్తాయి. రాత్రి రెండింటికి వార్డులో పరిస్థితేమిటో ఏ నోటిఫికేషనూ చెప్పదు. చేరాక సీటు వదులుకోవాలంటే పలుచోట్ల లక్షల్లో కట్టాలి. అంటే పీజీ చదివే మూడేళ్లు ఎక్కడ గడపాలో తేల్చుకోవడానికి చేతిలో ఉండేది కొద్ది రోజులే.

“ఎలా ఉంటుంది” అని అడిగితే ముక్తసరి జవాబే వస్తుంది. జరిగినదాన్ని అడగాలి. పోయిన నెలలో 24 గంటల డ్యూటీలు ఎన్ని పడ్డాయి? మర్నాడు ఎన్నింటికి రూముకి వెళ్లారు? సర్జరీ, ఆర్థో అయితే పీజీలు “కటింగ్” అనేదాని గురించి, అంటే కత్తి తమ చేతికి ఎప్పుడొస్తుందో, అడగాలి. రోజుకు వేలమంది ఓపీ ఉన్న ఆసుపత్రిలో కూడా మూడేళ్లూ రిట్రాక్టర్ పట్టుకుని నిలబడేవాళ్లుంటారు. రేడియాలజీ అయితే ఎంఆర్ఐ ఎవరి చేతిలో ఉంది, పీజీలు రిపోర్టులు రాస్తారా అన్నది తేల్చుకోవాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ప్రశ్న చాలా చిన్నది: శాంపిళ్లు ల్యాబ్‌కి ఎవరు తీసుకెళ్తారు? జవాబు “మేమే” అయితే దాని వెనక ఎంతో కథ ఉంటుంది. వార్డుబాయ్‌లు లేరు, నర్సులు సరిపోరు. రక్తం తీయడం, ట్యూబుల మీద పేర్లు రాయడం, స్ట్రెచర్ తోయడం, రిపోర్టు కోసం కౌంటర్ దగ్గర నిలబడడం అన్నీ పీజీ పనులే. ఆ గంటలన్నీ పేషెంట్ పక్కన నిలబడి నేర్చుకోవాల్సినవి. అవి తగ్గిన డాక్టరు రేపు మన ఊరికే వస్తాడు.

కాగితం మీద రక్షణ లేకపోలేదు. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం వారానికి 48 గంటలంది. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలు వారానికో సెలవు, ఏడాదికి 20 క్యాజువల్ లీవులు ఇవ్వాలన్నాయి. 2024లో కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దని సిఫార్సు చేసింది. కాగితం మీద సెలవు ఎలాగూ ఉంటుంది. కాబట్టి సెలవు ఉంటుందా అని అడిగి లాభం లేదు, పోయిన ఆదివారం ఎక్కడున్నారో అడగండి. స్టైపెండ్ విషయంలోనూ అంతే: ఖాతాలో పడింది ఎంత, అందులో వెనక్కి ఇవ్వాల్సి వచ్చిందా? కొన్ని ప్రైవేటు కాలేజీల మీద ఇలాంటి ఫిర్యాదులు వచ్చాయి.

డ్యూటీ రూముందా, దానికి లోపల గడియ ఉందా అన్న ప్రశ్నని అమ్మాయిలే అడగాలని లేదు. 2024 ఆగస్టులో కోల్‌కతాలో ఒక పీజీ వైద్యురాలు డ్యూటీ మధ్య విశ్రాంతికి సెమినార్ హాలుకి వెళ్లి, అక్కడే హత్యకు గురైంది. తల్లిదండ్రులు కాలేజీ చూడ్డానికి వెళ్తే పగటిపూట భవనం చూసి తిరిగొస్తారు. రాత్రి తొమ్మిది దాటాక క్యాజువాలిటీ బయట గంటసేపు కూర్చుంటే ఎవరూ చెప్పనవసరం లేకుండానే చాలా తెలుస్తుంది.

అడిగేవాళ్లకీ ఓ బాధ్యత ఉంది. ఇవన్నీ మెసేజ్‌లో అడగొద్దు. స్క్రీన్‌షాట్ ఎక్కడికైనా పోతుంది. డ్యూటీ లేని రోజు చూసుకుని ఫోన్ చేయండి. ఎవరు చెప్పారన్నది గ్రూపుల్లోనే కాదు, స్నేహితుడి దగ్గరా బయటపెట్టొద్దు. ఆ పేరున్న మనిషి అక్కడ ఇంకా పరీక్ష రాయాల్సి ఉండొచ్చు.