ఆఖరి ముక్క ఎవరిది?

పైన కరకర... లోపల వెన్నలాంటి మెత్తదనం! స్పెయిన్ వాళ్లు ప్రాణం పెట్టే క్రొకేతాల సంగతి ఇది. మిగిలిపోయిన నాలుగు మాంసం ముక్కలతో ఇంటిల్లిపాదికీ సరిపోయేలా అక్కడి ఇల్లాళ్లు చేసిన ఈ చిరుతిండిని మనమూ చేసుకోవచ్చు. కావాల్సిందల్లా కాసిని పాలూ, కాస్త మైదా, బోలెడంత ఓపికా!

'మంచి క్రొకేతాలు ఎక్కడ దొరుకుతాయి?' అని స్పెయిన్‌లో ఎవర్నయినా అడిగితే ఏ బార్ పేరో, హోటల్ పేరో చెబుతారు. ఆ వెంటనే 'కానీ మా అమ్మమ్మ చేసినట్టు మాత్రం ఎవరూ చేయలేరు' అనేస్తారు. అక్కడ 'అమ్మమ్మ క్రొకేతాలు' అన్న మాటే రుచికి కొలమానం మరి!

చూడ్డానికి బొద్దుగా ఉన్న బొటనవేలంత ఉంటుంది క్రొకేతా. కట్‌లెట్‌కి తమ్ముడేమో అనిపిస్తుంది. కానీ కొరికి చూస్తే తేడా తెలుస్తుంది. ఇందులో బంగాళాదుంప ఉండదు. వెన్న, మైదా, పాలు కలిపి చిక్కగా ఉడికించిన బెషమెల్ సాస్ ఉంటుంది. అందులో సన్నగా తరిగిన హామ్, చీజ్ కలిపి, చల్లార్చి, ఉండలు చేసి, గుడ్డులో ముంచి, బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయిస్తారు. అంతే!

పేరు ఫ్రెంచి... రుచి స్పానిష్

నిజానికి క్రొకేతా పుట్టిల్లు స్పెయిన్ కాదు, ఫ్రాన్స్. ఫ్రెంచిలో 'క్రొకే' అంటే కరకరలాడించడం. పేరు అందులోంచి వచ్చిందే. సరిహద్దు దాటాక మాత్రం ఇది పూర్తిగా స్పెయిన్ ఇంటిబిడ్డ అయిపోయింది. ప్రసిద్ధ రచయిత్రి ఎమిలియా పార్దో బసాన్ 1913లో స్పెయిన్ సంప్రదాయ వంటల మీద ఓ పుస్తకం వేసింది. ఫ్రెంచి వాళ్లవి పెద్దగా, గట్టిగా ఉంటాయనీ, తమ దేశంలో చక్కగా చేసినవైతే నోట్లో వేసుకోగానే కరిగిపోతాయనీ అందులో మురిసిపోయింది.

అయితే దీన్ని ఇంటింటి వంటగా నిలబెట్టింది గొప్పింటి విందులు కాదు, పేదరికం. 1936 నుంచి 1939 దాకా సాగిన అంతర్యుద్ధం స్పెయిన్‌ని చితికిపోయేలా చేసింది. ఆ తర్వాత 1952 వరకూ రేషన్ కార్డుల మీదే బతుకు. మాంసం ముక్క కంటికి కనబడటమే గగనం. అలాంటి రోజుల్లో ఏ వస్తువునీ వృథా పోనిచ్చేవాళ్లు కాదు. కాబూలీ సెనగలు, కూరగాయలు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించే కొసీదో అనే వంటకం అక్కడ మామూలే. అందులో మిగిలిన మాంసాన్ని పీచులుగా విడదీసి బెషమెల్‌లో కలిపితే, ఒక్కరికి కూడా చాలని ముక్కలు పళ్లెం నిండా క్రొకేతాలయ్యేవి!

హామ్ కథా అంతే. పంది వెనక కాలిని ఉప్పులో ఊరబెట్టి, నెలల తరబడి గాలికి ఆరబెట్టి చేసే హామ్‌ని అక్కడ హమోన్ అంటారు. దాన్ని కాగితమంత పల్చగా కోసుకుని తింటారు. ఎముక దగ్గరికొచ్చేసరికి అలా కోయడం కుదరదు. ఆ తునకలన్నీ క్రొకేతాల్లోకే చేరతాయి. కొందరైతే ఎముకను కూడా వదలరు. పాలల్లో వేసి మరిగించి, ఆ వాసన పట్టిన పాలతోనే సాస్ చేస్తారు.

మరిప్పుడు? మిగిలినవాటితో చేసిన ఆ వంటకానికే పోటీలు పెడుతున్నారు! మాడ్రిడ్‌లో జరిగే అంతర్జాతీయ వంటల వేడుక 'మాడ్రిడ్ ఫ్యూజియన్'లో 2015 నుంచీ ఉత్తమ హామ్ క్రొకేతాను ఎంపిక చేస్తున్నారు.

ఇలా చేయండి

కావలసినవి: వెన్న 60 గ్రాములు, మైదా 70 గ్రాములు, చిక్కటి పాలు 600 మిల్లీలీటర్లు, హామ్ 100 గ్రాములు, తురిమిన చీజ్ 75 గ్రాములు, చిన్న ఉల్లిపాయ సగం, చిటికెడు జాజికాయ పొడి, గుడ్లు రెండు, బ్రెడ్ పొడి, వేయించడానికి నూనె. వీటితో పాతిక నుంచి ముప్ఫై దాకా వస్తాయి.

చీజ్ అంటే స్పెయిన్‌లో లా మాంచా ప్రాంతపు గొర్రెపాలతో చేసే మాంచెగోకి పెద్దపీట. అది దొరక్కపోతే కరిగే గుణమున్న ఏ చీజ్ అయినా ఫర్వాలేదు. హామ్ కూడా మన సూపర్‌మార్కెట్లలో ఎక్కువగా ఉడికించినదే దొరుకుతుంది. అందులో నీరుంటుంది కాబట్టి, సన్నగా తరిగి తడి ఆరేదాకా వేయించుకోవాలి.

మందపాటి గిన్నెలో వెన్న కరిగించి, సన్నగా తరిగిన ఉల్లిపాయ మెత్తబడేవరకూ వేయించాలి. మైదా వేసి సన్నని సెగమీద పచ్చివాసన పోయేదాకా రెండు మూడు నిమిషాలు కలపాలి. రంగు మారనివ్వకూడదు. వేడి పాలను కొంచెం కొంచెంగా పోస్తూ కవ్వంతో కలుపుతూ ఉండాలి. ఒక్కసారిగా కుమ్మరించారా... ఉండలు కట్టడం ఖాయం! పాలన్నీ పోశాక మరో పన్నెండు, పదిహేను నిమిషాలు అడుగంటకుండా తిప్పుతూనే ఉండాలి. ముద్ద గిన్నె అంచుల్ని వదులుతోందంటే అయిపోయినట్టే. అప్పుడు హామ్, చీజ్, జాజికాయ పొడి కలిపి దించాలి. హామ్, చీజ్ రెండింట్లోనూ ఉప్పుంటుంది. అందుకే రుచి చూశాకే, అదీ అవసరమైతేనే వేయాలి.

ఆలస్యమే అమృతం!

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వేడి ముద్దతో ఉండలు చేయబోతే చేతికి అంటుకుపోతుంది. ఎలాగోలా చేసినా నూనెలో పగిలిపోతుంది. కాబట్టి ముద్దను పళ్లెంలో పరిచి, తరక కట్టకుండా పైన ప్లాస్టిక్ పొరను ఆనించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి. కనీసం నాలుగ్గంటలు... రాత్రంతా ఉంచితే మరీ మంచిది. చల్లబడేకొద్దీ మైదాలోని పిండిపదార్థమూ, వెన్నా గట్టిపడి ముద్ద మాట వింటుంది. 'ఆలస్యం అమృతం విషం' అంటాం గానీ, ఈ వంటకానికి ఆలస్యమే అమృతం!

తర్వాత చేతికి నూనె రాసుకుని బొద్దుగా ఉండలు చేసి, గుడ్డు సొనలో ముంచి, బ్రెడ్ పొడిలో దొర్లించాలి. ఎక్కడా ఖాళీ లేకుండా పొడి అంటుకోవాలి. అనుమానముంటే మరోసారి ముంచి అద్దండి. నూనె బాగా కాగాక, అంటే 180 డిగ్రీలకు చేరాక, నాలుగైదు చొప్పున వేసి బంగారు రంగు వచ్చేదాకా వేయించాలి. ఎక్కువ వేస్తే నూనె చల్లబడి, అవి నూనె పీల్చేస్తాయి. మిగిలిన ఉండల్ని డీప్ ఫ్రీజర్‌లో దాచుకుని, కావాల్సినప్పుడు నేరుగా నూనెలో వేయొచ్చు.

పంది మాంసం తినరా? స్పెయిన్ వాళ్లే దారి చూపించారు. అక్కడ చికెన్, పుట్టగొడుగులు, పాలకూరతోనూ క్రొకేతాలు చేస్తారు. ఈస్టర్ ముందు మాంసం మానేసే రోజుల్లో కాడ్ చేపతో చేసుకుంటారు.

ఇంకో ముచ్చట. స్పెయిన్‌లో నలుగురూ కలిసి తినేటప్పుడు పళ్లెంలో చివరగా మిగిలిన ముక్కను 'సిగ్గు ముక్క' అంటారు. అందరికీ తినాలనే ఉంటుంది. అడగడానికే మొహమాటం! కరువు రోజుల్లో అందరి కడుపూ చూసిన ఆ ఇల్లాలి చేతి వంటకాన్ని ఒక్కరే లాగేసుకోవడం ఎలా? ఈ ఆదివారం మీ ఇంట్లోనూ పళ్లెంలో ఒక్కటి మిగిలితే, నిన్న సాయంత్రం నుంచీ ఓపిగ్గా కలిపి, చల్లార్చి, వేయించినవాళ్లు ఎవరో ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఆఖరి ముక్క ఎవరిదో మీకే తెలిసిపోతుంది!